టీ పొడితో పాలటీ కాకుండా ఇంకేం చేయొచ్చు? వగరెక్కకుండా, విరక్కుండా ఎలా?

పోపులపెట్టె:
అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు రకాల టీ ఉంది. ఒకటి రోజూ పాలటీకి వాడే సీటీసీ గుళికల పొడి, రెండోది నీలగిరి ఆర్థడాక్స్ ఆకు (గుళికలుగా చేయని విడి ఆకు) పావుకిలో. పాలటీ పక్కన పెడితే ఈ రెండింటితో తాగడానికీ, వంటలోకీ ఏమేం చేయొచ్చో కొలతలతో చెప్పగలరా? ఇప్పటికి మూడు దగ్గర ఆగిపోయాను. నిమ్మకాయ ఐస్ టీ స్టవ్ మీంచి దింపినప్పుడు బాగానే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాక బురద నీళ్లలా అయిపోతుంది. ఛోలేలోకి టీ పొడి మూట వేస్తే రంగు వస్తోంది గానీ చేదు దిగుతోంది. అల్లం, బెల్లం వేసిన టీ మూడుసార్లలో ఒకసారి విరుగుతోంది. మా బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, అదేమైనా కారణమా?

నీలగిరిఆకు:
పోపులపెట్టె గారూ, ముందు ఒక మాట. టీలో చేదు వేరు, వగరు వేరు. మన భాషలో ఈ రెండింటికీ వేర్వేరు మాటలు ఉండటం మన అదృష్టం. నాలుకను పట్టి లాగేది వగరు, జామపిందె కొరికినట్టు. అది టీలోని టానిన్ల పని. చేదులో కొంత భాగం కెఫీన్‌ది. వగరుకి పాలు, కొవ్వు విరుగుడు. చేదుకి తీపి, ఉప్పు కొంత పనిచేస్తాయి గానీ అసలు మందు తక్కువ సేపు నానబెట్టడమే. వంటలో టీ వాడేటప్పుడు దేన్ని తగ్గించాలో ముందే తేల్చుకుంటే సగం తప్పులు జరగవు.

మీ ఐస్ టీ చెడిపోలేదు. డికాషన్ చల్లారేటప్పుడు కెఫీన్, టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని తేలే మసకే అది. ఒక గ్లాసులో రెండు చెంచాల మరిగే నీళ్లు పోసి చూడండి, మళ్లీ తేటబడుతుంది. మసక ఎక్కువవడానికి కారణాలు మూడు: డికాషన్ మరీ చిక్కగా ఉండటం, వేడి మీద ఉండగానే ఫ్రిజ్‌లో పెట్టడం, నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉండటం. కాబట్టి బోరు నీళ్ల మీద మీ అనుమానం సరైనదే. ఉప్పునీళ్లతో కాచిన టీ మీద సన్నటి మీగడలాంటి పొర తేలేదీ అందుకే. ఫిల్టర్ నీళ్లు వాడండి.

లీటరుకి కొలత ఇది. అర లీటరు నీళ్లు మరిగించి దింపాలి. 10 గ్రా. నీలగిరి ఆకు వేసి మూత పెట్టి సరిగ్గా 4 నిమిషాలు ఉంచి వడకట్టాలి. వేడి మీదే 60 గ్రా. పంచదార కరిగించాలి. వెంటనే అర లీటరు మామూలు చల్లటి నీళ్లు కలపాలి, పలచబడితే మసక పట్టే అవకాశం తగ్గుతుంది. గది వేడికి పూర్తిగా వచ్చాకే ఫ్రిజ్. నిమ్మరసం మాత్రం గ్లాసులో, తాగే ముందు. నిమ్మ పడగానే టీ రంగు ఎర్రటి నుంచి లేత పసుపుకి మారుతుంది. టీ రంగు పదార్థాలు పులుపులో పలచబడి, క్షారంలో ముదురుతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఛోలేలో కూడా పనికొస్తుంది. ఐస్ టీకి సీటీసీ కన్నా నీలగిరి ఆకే మేలు, అది సహజంగానే తేటగా దిగుతుంది.

ఇంత తిప్పలు వద్దనుకుంటే చన్నీళ్లలో నానబెట్టండి. లీటరు చల్లటి నీళ్లకి 8 గ్రా. ఆకు, ఫ్రిజ్‌లో 8 గంటలు, తర్వాత వడకట్టడం. అంతే. చన్నీళ్లలో కెఫీన్, టానిన్లు తక్కువగా దిగుతాయి కాబట్టి మసక దాదాపు రాదు, పంచదార లేకుండా కూడా తాగొచ్చు. సీటీసీతో అయితే 6 గ్రా., 3 గంటలు చాలు. పలచటి గుడ్డతో వడకట్టాలి, లేకపోతే నలుసు అడుగున చేరి గంట గంటకీ వగరెక్కిస్తుంది. గ్రీన్ టీ అయితే 4 నుంచి 5 గంటలు. ఎండలో సీసా పెట్టి టీ దింపే పద్ధతి కొందరు చెబుతారు, దాని జోలికి వెళ్లకండి. గోరువెచ్చటి నీళ్లలో గంటల తరబడి ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఇదే ఆకుతో టీ పాకం చేసుకుంటే వేసవి అంతా వాడుకోవచ్చు. పావు లీటరు మరిగే నీళ్లలో 12 గ్రా. ఆకు 5 నిమిషాలు ఉంచి, వడకట్టి, 250 గ్రా. పంచదార కరిగించండి. తర్వాత మళ్లీ మరిగించొద్దు, వాసన పోతుంది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది. రెండు పెద్ద చెంచాల పాకం, నిమ్మరసం, చల్లటి సోడా కలిపితే ఒక గ్లాసు. ఇంతకన్నా మంచి వాడకం ముంజలకి: లేత తాటి ముంజల తొక్క తీసి ముక్కలు చేసి, ఈ పాకంలో చిటికెడు ఉప్పు, నాలుగు పుదీనా ఆకులతో గంట సేపు ఊరనివ్వండి. ముంజకి సొంతంగా పెద్ద రుచి ఉండదు, టీ వాసన బాగా పడుతుంది. ముదురు ముంజలు వద్దు, నమలలేం.

దమ్‌చాయ్:
పాలు విరగడం సంగతి నేను చెబుతాను. అల్లానిదీ బెల్లానిదీ వేర్వేరు గొడవ.

పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఉంటుంది. వేడికి అది చచ్చిపోతుంది. అందుకే దంచిన అల్లం ముందు నీళ్లలో వేసి 3 నిమిషాలు బాగా మరిగించాలి, ఆ తర్వాతే పాలు. పాలల్లోనే అల్లం వేసి కాచేవాళ్లకి ఎక్కువగా విరుగుతుంది. బెల్లంలో ఎంతో కొంత పులుపు ఉంటుంది, పాతబడినదైతే ఇంకా ఎక్కువ. మరుగుతున్న పాలల్లో పడితే విరిచేస్తుంది. స్టవ్ ఆపి, ఒక నిమిషం ఆగి, కప్పులో బెల్లం తురుము వేసి దాని మీద టీ వడకట్టండి. రెండూ కలిపి చేస్తున్నారు కాబట్టి అల్లం ముందు, బెల్లం చివర. మధ్యలో పాలు తాజావి కాకపోతే మాత్రం ఈ జాగ్రత్తలేవీ ఆదుకోవు.

పాలటీ వద్దన్నారు గానీ హైదరాబాద్ ఇరానీ చాయ్ లెక్కే వేరు, అందులో డికాషన్, పాలు వేర్వేరుగా తయారవుతాయి. అర లీటరు నీళ్లకి 10 గ్రా. సీటీసీ సన్న పొడి, రెండు పెద్ద చెంచాల పంచదార. గిన్నె మీద మూత పెట్టి, అంచు చుట్టూ తడి గుడ్డ గానీ పిండి ముద్ద గానీ బిగించి, బాగా సన్నటి సెగ మీద 20 నిమిషాలు. ఇంకో పొయ్యి మీద అర లీటరు చిక్కటి పాలు 350 మి.లీ. దాకా మరగనిచ్చి, ఒక చెంచా కోవా కలపాలి. కప్పులో ముందు డికాషన్ సగానికి, పైన పాలు. అంతసేపు కాచిన డికాషన్ ఉత్తిగా తాగితే నోరు పిడచకట్టుకుపోతుంది. పాలు పడగానే ఎందుకు మెత్తబడుతుందంటే, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది. పలచటి పాలతో ఇరానీ చాయ్ కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ లెక్క తెలిస్తే టీ కుల్ఫీ చేయొచ్చు. లీటరు చిక్కటి పాలు అడుగంటకుండా తిప్పుతూ సగానికి తేవాలి. దించి, పొంగు పూర్తిగా ఆగాక 15 గ్రా. సీటీసీ వేసి 5 నిమిషాలు ఉంచి వడకట్టాలి. ఇక్కడ నీళ్ల డికాషన్ వాడొద్దు, నీళ్లు పోసిన కుల్ఫీ ఐసుముక్కలా పటపటలాడుతుంది. నీళ్లలో కన్నా పాలల్లో టీ నెమ్మదిగా దిగుతుంది కాబట్టే పొడి ఎక్కువ చెప్పాను. తర్వాత 90 గ్రా. పంచదార, 50 గ్రా. కోవా, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు వేసి కలిపి అచ్చుల్లో 8 గంటలు. చల్లటి వాటిలో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది, కలిపినప్పుడు కొంచెం ఎక్కువ తీపిగా అనిపిస్తేనే గడ్డకట్టాక సరిపోతుంది.

సులేమానీకి పెద్ద పని లేదు. రెండు గ్లాసుల నీళ్లలో రెండు యాలకులు, చిన్న దాల్చిన చెక్క, రెండు లవంగాలు 3 నిమిషాలు మరిగించి, ఆపేసి, చెంచాడు ఆకు 2 నిమిషాలు ఉంచి వడకట్టడం. నిమ్మరసం కప్పులోనే, అర చెంచా మించకుండా.

గులాబీ రంగు కాశ్మీరీ ఉప్పు టీ ఎవరైనా అడుగుతారేమో, ముందే చెబుతున్నాను: సీటీసీతో రాదు. సీటీసీ ఆకు ఫ్యాక్టరీలోనే గాలి తగిలి నల్లబడి వస్తుంది. దానికి కాశ్మీరీ పచ్చ ఆకు కావాలి. అర లీటరు నీళ్లలో 10 గ్రా. ఆకు, పావు చెంచా వంటసోడా వేసి సగమయ్యేదాకా మరిగించి, గరిటెతో ఎత్తి పోస్తూ గాలి తగలనిచ్చి, అర లీటరు ఐసు నీళ్లు కొట్టి మళ్లీ 15 నిమిషాలు మరిగిస్తే చిక్కటి ఎరుపు వస్తుంది. అందులో సమానంగా పాలు, అర చెంచా ఉప్పు. పాలు పోశాక గోధుమ రంగొస్తే ఎత్తి పోయడం చాలలేదని, సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైందని.

కుక్కర్‌కూత:
ఛోలే గురించి. మూట పద్ధతి అందరూ చెబుతారు గానీ, కుక్కర్‌లో 25 నిమిషాలు ప్రెషర్ కింద ఉడికిన టీ పొడి తనలో ఉన్న చేదంతా కక్కేస్తుంది. పైగా తీసేటప్పుడు మూటను గరిటెతో నొక్కి పిండుతారు. చేదు అక్కడే దిగుతోంది. డికాషన్ వేరుగా చేసి పోయండి. 250 మి.లీ. నీళ్లు మరిగించి దింపి, 5 గ్రా. సీటీసీ వేసి 3 నిమిషాలు, వడకట్టడం. 250 గ్రా. కాబూలీ శనగలు 8 గంటలు నానాక ఆ నీళ్లు పారబోసి, ఈ డికాషన్, 650 మి.లీ. నీళ్లు, చెంచా ఉప్పు, ఒక పెద్ద నల్ల యాలక్కాయ, చిన్న దాల్చిన చెక్క, చిటికెడు వంటసోడా. నాలుగు కూతలు, ఆ తర్వాత సన్నటి సెగ మీద 10 నిమిషాలు.

నీలగిరిఆకు గారు చెప్పిన పులుపు, క్షారం సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. సోడా టీ రంగును ముదురు చేస్తుంది, శనగను మెత్తబరుస్తుంది. టమాటా, ఆమ్‌చూర్ కుక్కర్‌లోనే వేస్తే రెండూ పోతాయి: రంగు వెలుస్తుంది, శనగ గట్టిగా ఉండిపోతుంది. పులుపు ఎప్పుడూ మసాలా వేయించేటప్పుడే. ఇంకా నలుపు కావాలంటే టీ పెంచకండి, నాలుగు ఎండు ఉసిరి ముక్కలు వేయండి. మసాలా ఇనప బాండీలో వేయించినా నల్లబడుతుంది, టానిన్, ఇనుము కలిస్తే నల్లసిరా పుట్టినట్టే. కానీ బాండీలోనే రాత్రంతా వదిలేస్తే ఇనుప రుచి వస్తుంది, వెంటనే తీసేయాలి. ఇప్పటికే చేదెక్కిన కుండ ఉంటే ఉడికిన నీళ్లలో సగం తీసేసి వేడినీళ్లు పోసి, నెయ్యి, ఉప్పు సరిచూసుకోండి. పంచదార వేస్తే చేదు, తీపి రెండూ విడివిడిగా తెలుస్తాయి, వద్దు.

మీ ఇంట్లో గుడ్డు తింటారా అన్నది రాయలేదు. తింటే చైనావాళ్ల టీ గుడ్లు తప్పక చేయండి. ఆరు గుడ్లు 8 నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో వేసి, పెంకు తీయకుండా చెంచా వెనకవైపుతో చుట్టూ చిన్నగా కొట్టి పగుళ్లివ్వాలి. 600 మి.లీ. నీళ్లలో 6 గ్రా. ఆకు, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు అనాస పువ్వులు, ఒక దాల్చిన చెక్క, అర చెంచా మిరియాలు, చెంచా పంచదార వేసి 10 నిమిషాలు మరిగించి వడకట్టి చల్లార్చాలి. అందులో గుడ్లు ఫ్రిజ్‌లో రాత్రంతా. పెంకు తీస్తే తెల్లసొన మీద పాలరాతి గీతలు. గుడ్లను ఆ నీళ్లలోనే గంటలు గంటలు ఉడికించే పాత పద్ధతి ఉంది, కానీ సొన రబ్బరు, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం. పగుళ్లు మరీ పెద్దవైతే గీతలు రావు, మరకలొస్తాయి. మూడు రోజుల్లో తినేయాలి.

టీ పొగ పెట్టడం కూడా చైనా నుంచే. సిచువాన్‌లో బాతుకి టీ ఆకు, కర్పూరం చెట్టు ఆకు పొగ పెడతారు. మన వంటింట్లో పనీరు ముక్కలకి, ఉడికిన గుడ్లకి, వండేసిన కోడి ముక్కలకి సరిపోతుంది. పాత ఇనప బాండీ అడుగున అల్యూమినియం ఫాయిల్ రెండు వరసలు పరిచి, మూడు పెద్ద చెంచాల ఆకు, మూడు చెంచాల బియ్యం, రెండు చెంచాల బెల్లం తురుము వేయాలి. పైన జాలీ, జాలీ మీద ముక్కలు. పెద్ద మంట మీద పొగ లేవగానే మూత బిగించి, మంట తగ్గించి 8 నిమిషాలు, ఆపేశాక ఇంకో 10 నిమిషాలు మూత తీయకుండా. ముక్కల మీద తడి లేకుండా తుడవాలి, తడి ఉన్నచోట పొగ చేదుగా అంటుతుంది. ఇక్కడ సీటీసీ పనికిరాదు, గుళికలు క్షణాల్లో మాడి బూడిద వాసన వేస్తాయి. నాన్‌స్టిక్ పాత్ర అసలు వద్దు, ఖాళీగా అంత వేడెక్కితే దాని పూత నుంచి వచ్చే పొగ మంచిది కాదు. ఈ పొగ వాసననిస్తుంది, ఉడికించదు. పచ్చి కోడి పెట్టకండి. కిటికీలు తెరవండి.

బేకరీబాబాయి:
సీటీసీని నేరుగా బిస్కెట్ పిండిలో కలపొద్దు, పంటి కింద ఇసుకలా తగులుతుంది. 200 గ్రా. మైదాకి చెంచాన్నర పొడి చాలు, దాన్ని ఆ బిస్కెట్లకి వేసే పంచదారతో కలిపి మిక్సీలో మెత్తగా పట్టి జల్లించాలి. వెన్నలో ముందే కలిపి 10 నిమిషాలు ఉంచితే వాసన బాగా పడుతుంది.

అసలు టీకి తగ్గ బేకింగ్ అంటే ఐర్లండ్ వాళ్ల బార్మ్‌బ్రాక్ (ఎండు పళ్ల రొట్టె) పద్ధతి. నూనె, వెన్న ఏమీ అక్కర్లేదు. 300 గ్రా. ఎండు ద్రాక్ష, ఖర్జూరం ముక్కలు కలిపి, 250 మి.లీ. వేడి డికాషన్ (6 గ్రా. సీటీసీ, 4 నిమిషాలు), 120 గ్రా. గోధుమ రంగు పంచదార పోసి రాత్రంతా మూత పెట్టాలి. పొద్దున్న ఆ నీళ్లు వంపేయకుండా 225 గ్రా. మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా దాల్చిన పొడి, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు కలిపి, కాగితం వేసిన రొట్టె అచ్చులో 165 డిగ్రీల మీద 60 నుంచి 70 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పళ్లు నానకుండా వేస్తే బేక్ అవుతున్నప్పుడు పిండిలోని తడిని అవే పీల్చేసుకుని రొట్టె పిండిపిండిగా అయిపోతుంది. గుడ్డు వద్దంటే 60 గ్రా. పెరుగు, పావు చెంచా వంటసోడా. పంచదారకి బదులు బెల్లం వేసినా ఆ పావు చెంచా సోడా ఉండాలి, రంగు ఇంకా ముదురుతుంది. పైభాగం 40 నిమిషాలకే నల్లబడుతుంటే ఫాయిల్ కప్పండి. వేడి మీద కోయకండి, ఒక రోజు చుట్టి ఉంచి కోస్తే ముక్క విరగదు.

పోపులపెట్టె:
అందరికీ ధన్యవాదాలు. గుడ్డు తింటామండి. ఇంకో రెండు సందేహాలు. ఆకును నేరుగా తినే వంటలేమైనా ఉన్నాయా? వడకట్టిన పిప్పి మళ్లీ వంటలోకి పనికొస్తుందా?

రంగూన్‌కారం:
ఆకు తినడమంటే బర్మావాళ్లే చెప్పాలి. అక్కడ లేత టీ ఆకును ఉడికించి, నొక్కి, నెలల తరబడి పులియబెట్టి సలాడ్ చేసుకుంటారు, పేరు ‘లపెట్ తోక్’. ఒకప్పుడు మన కోస్తా నుంచి రంగూన్‌కి పనులకి వెళ్లినవాళ్లు ఎందరో, వాళ్లని అక్కడ కోరంగీలనేవారు. ఆ ముద్ద చూస్తే గోంగూర పచ్చడే గుర్తొస్తుంది, పులుపు బదులు వగరు అంతే.

పులియబెట్టిన ఆకు ఇక్కడ దొరకడం కష్టం. దగ్గరి రుచికి పొడుగాటి గ్రీన్ టీ ఆకు 15 గ్రా. తీసుకోండి. బ్యాగుల్లోది పొడి, అది పనికిరాదు. 80 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి పిండేసి, మళ్లీ కొత్త నీళ్లలో ఇంకో 10 నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రెండుసార్లు వంపండి, ఒక్కో వంపుకి దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. గట్టి ఈనెలు ఏరేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసం, రెండు పెద్ద చెంచాల నువ్వుల నూనెతో రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న సన్నగా తరిగిన క్యాబేజీ, టమాటా, వేయించిన పల్లీలు, వేయించిన శనగపప్పు, నువ్వులు, ఎర్రగా వేయించిన వెల్లుల్లి ముక్కలతో కలపాలి. కరకరలాడేవి తినే ముందే వేయాలి. ఆకును ఒక్కసారే నానబెట్టి ఆపేస్తే రెండో ముద్ద దిగదు, అంత చేదు. రెండు నీళ్లు తీసినా కెఫీన్ కొంత ఉంటుంది, ఆకునే తింటున్నాం కదా. రాత్రి భోజనంలోకి వద్దు.

జపాన్‌వాళ్లు వేడి అన్నం మీద గ్రీన్ టీ పోసుకుని ఉప్పు ఊరిన రేగులాంటి పండుతో తింటారు, ఒచజుకే అంటారు. మన దగ్గర ఉప్పులో ఊరిన మామిడి ముక్కతో బాగానే కుదురుతుంది.

నీలగిరిఆకు:
పిప్పి సంగతి. ఆర్థడాక్స్ ఆకు అయితే వేడి నీళ్లతో తీశాక అరగంటలోపు రెండోసారి వాడొచ్చు, 6 నిమిషాలు ఉంచాలి, పలచగా వస్తుంది. సీటీసీలో రెండోసారికి మిగిలేది చేదే. పాలు తగిలిన పిప్పి ఏ వంటలోకీ వద్దు, గంటల్లో పులుస్తుంది. పొగ పెట్టడానికి మాత్రం పాలు తగలని నీలగిరి పిప్పిని ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి, కొత్త ఆకుతో సగం సగం కలిపి వాడొచ్చు. కొంచెం తడి ఉన్నా పొగకి బదులు ఆవిరి లేస్తుంది.

కుక్కర్‌కూత గారికి ఒక చేర్పు: టీ పోసిన శనగల నుంచి ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది, టానిన్లు దాన్ని పట్టేస్తాయి. రక్తహీనత ఉన్నవాళ్లుంటే ఆ ఛోలేలో టీ మానేసి ఎండు ఉసిరి ఒక్కటే వేయండి, రంగు దాంతోనూ వస్తుంది. తినేటప్పుడు పైన నిమ్మకాయ పిండుకోండి.